ఆఫీసులో ఏఐ టూల్ పెడుతున్నారా? పనిచేసేవాళ్ల దగ్గర మొదలుపెట్టి ఎలా చేయాలో చూడండి

“లైసెన్సులు కొన్నాం, అందరికీ లాగిన్లు ఇచ్చాం, రెండు గంటల ట్రైనింగ్ కూడా పెట్టించాం. మూడు నెలలు దాటింది. నలుగురైదుగురు తప్ప ఎవరూ ముట్టుకోవట్లేదు. వీళ్లచేత ఎలా వాడించాలి?”

మాటలు అటూ ఇటూ అవుతాయేమో గానీ నన్ను అడిగేది ఎప్పుడూ ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తున్నాను.

వాడించాలి అనే ఆలోచన దగ్గరే తేడా వస్తుంది. రోజూ ఆ పని చేసేవాళ్లకి ఒక తలనొప్పి తగ్గితే ఎవరూ చెప్పకుండానే వాడతారు. తగ్గకపోతే మీరెన్ని మెయిళ్లు పెట్టినా, మీరు అటుగా వచ్చినప్పుడు మాత్రం స్క్రీన్ మీద తెరిచి పెడతారు, అంతే. అందుకే ఈ పద్ధతిలో టూల్ చాలా ఆలస్యంగా వస్తుంది. కాస్త ఓపిక పట్టండి.

ఇది పది నుంచి నలభై మంది దాకా ఉన్న టీమ్‌ని చూసుకునేవాళ్ల కోసం రాసింది. మీది ఇంకా చిన్న ఆఫీసైతే ఏం మార్చుకోవాలో అక్కడక్కడా చెప్పాను.

ముందుగా కావలసినవి

- పేరు పెట్టి చెప్పగలిగే ఒక్క పని. “పని వేగం పెంచడం” కుదరదు. “ఫిర్యాదు మెయిల్‌కి మొదటి జవాబు రాయడం” కుదురుతుంది.
- ఆ పని రోజూ చేసేవాళ్లు ముగ్గురు నుంచి ఐదుగురు. వాళ్లలో ఒకరికైనా ఈ కొత్త గోల బొత్తిగా నచ్చకూడదు. అందరూ ఉత్సాహవంతులే అయితే మీకు నిజం తెలీదు.
- “ఇక ఆపేద్దాం” అని చెప్పే అధికారం ఉన్న ఒక మనిషి. ఆ మనిషి టూల్ కొన్నవాళ్లు కాకపోతే మంచిది.
- ఎనిమిది వారాల సమయం. అందులో ఒక్కొక్కరికీ వారానికి రెండు మూడు గంటలు మామూలు పని తగ్గించి ఇవ్వాలి. “మీ పని చేసుకుంటూనే ఇదీ చూడండి” అంటే ఎవరూ చూడరు.
- ఏ సమాచారం బయటికి పంపొచ్చో, ఏది పంపకూడదో తేల్చి చెప్పగలిగినవాళ్ల సంతకం.
- ఒక నోట్‌బుక్కు, ఒక ఎక్సెల్ షీటు.
- టూల్.

ఇదే వరసలో సమకూర్చుకోండి. టూల్ ముందే కొనేసి ఉంటే చివర్లో వేరే చెప్పాను, అయినా మొదటి మూడు మెట్లూ దాటేయకండి.

1. పని జరిగే చోట పక్కన కూర్చోండి

ఇద్దరి దగ్గర, చెరో పూట చాలు. కంప్యూటర్ తీసుకెళ్లకండి. నోట్‌బుక్కు తీసుకెళ్లండి. ప్రశ్నలు తక్కువ, చూడటం ఎక్కువ. వాళ్లు ఏ ఫైలు తెరుస్తున్నారు, ఎక్కడ ఆగి ఆలోచిస్తున్నారు, ఎవరికి ఫోన్ చేస్తున్నారు, ఏది రెండుసార్లు టైప్ చేస్తున్నారు, ఇవి రాసుకోండి.

నేను ఈ మెట్టు ఎందుకు ఇంత పట్టుబట్టి చెబుతానంటే, ఒకసారి దెబ్బ తిన్నాను. ఒక ఆఫీసులో బిల్లులు స్కాన్ చేసి అంకెలు దానంతట అదే చదివే సాఫ్ట్‌వేర్ పెట్టాం. కాగితం మీద గీసిన పద్ధతి చక్కగా ఉంది: బిల్లు వస్తుంది, ఎంట్రీ అవుతుంది, అప్రూవల్‌కి వెళ్తుంది. పెట్టిన నెలకి మూడు కంపెనీల చెల్లింపులు తప్పాయి. అప్పుడు వెళ్లి అంతకుముందు ఆ ఎంట్రీలు చేసిన ఆవిడ పక్కన కూర్చున్నాను. మానిటర్ అంచుకి ఒక పసుపు చీటీ, దాని మీద మూడు పేర్లు.

“ఇదేంటి మేడమ్?”

“ఈ ముగ్గురి బిల్లులో కింద ఉండే టోటల్ నమ్మకూడదు సార్. పన్ను ఒకసారి కలిపి రాస్తారు, ఒకసారి కలపకుండా రాస్తారు. ఫోన్ చేసి అడిగాకే ఎంట్రీ వేస్తాను.”

“మరి మాకు చెప్పలేదే?”

“మీరు అడగలేదు కదా సార్.”

ఆ ఫోన్ కాల్ ఏ చార్టులోనూ లేదు. అసలు పని అదే. ఇలాంటి చీటీలు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి: మానిటర్ మీద, డ్రాయర్‌లో, పర్సనల్ ఎక్సెల్ ఫైల్లో, వాట్సాప్ గ్రూపులో. అవి బయటపడేదాకా మీ చేతిలో ఉన్నది పని గురించి మీ ఊహ మాత్రమే.

ఇది కొత్తగా తెలిసిన సంగతేమీ కాదు. బ్రిటన్ బొగ్గు గనుల్లో యంత్రాలు వచ్చాక ఏం జరిగిందో ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ అనే ఇద్దరు పరిశోధకులు 1951లోనే రాశారు. బామ్‌ఫోర్త్ స్వయంగా గనిలో పనిచేసి వచ్చినవాడు. ఒకరినొకరు కనిపెట్టుకుని మొత్తం పని తామే చూసుకునే చిన్న చిన్న జట్లని కొత్త పద్ధతి విడగొట్టి, ఒక్కో షిఫ్టుకి ఒక్కో ముక్క అప్పజెప్పింది. యంత్రం బాగానే ఉంది, అనుకున్న ఫలితం మాత్రం రాలేదు.

*జాగ్రత్త:* వెళ్లేముందే “మీ పనితీరు చూడటానికి రాలేదు, పని ఎలా ఉంటుందో నేర్చుకోవడానికి వచ్చాను” అని చెప్పండి. రాసుకున్నది చివర్లో వాళ్లకే చూపించండి. లేకపోతే ఆ పూటంతా రూల్ బుక్కులో ఉన్నట్టే పనిచేసి చూపిస్తారు, ఆ చీటీ మీకు కనబడదు.

*దూరంగా ఉండి పనిచేసే టీమ్ అయితే:* స్క్రీన్ షేర్ చేయించుకుని ఒక గంట చూడండి. రికార్డ్ చేయకండి.

2. పనిని ముక్కలు చేసి మూడు వరసల్లో వేయండి

చూసినదాన్ని ఎనిమిది, పది చిన్న ముక్కలుగా విడగొట్టండి. ఫిర్యాదు మెయిల్ ఉదాహరణే తీసుకుంటే: మెయిల్ చదవడం, పాత రికార్డు వెతకడం, తప్పు ఎవరిదో తేల్చడం, ఏమివ్వాలో నిర్ణయించడం, జవాబు రాయడం, పంపడం, రికార్డులో ఎక్కించడం. ఇప్పుడు ఒక్కో ముక్కనీ ఈ మూడింట్లో ఒకచోట వేయండి.

- ఏఐ ముసాయిదా రాస్తుంది, మనిషి చూసి పంపుతాడు.
- మనిషి రాస్తాడు, ఏఐ ఏమైనా వదిలేశామా అని చూస్తుంది.
- ఏఐ జోలికి పోదు.

ఎక్కడ వేయాలో తెలియకపోతే రెండు ప్రశ్నలు చాలు. తప్పు జరిగితే ఎవరికి, ఎంతసేపట్లో తెలుస్తుంది? తెలిశాక వెనక్కి తీసుకోగలమా? వెంటనే తెలిసి, సులువుగా దిద్దుకోగలిగేవి మొదటి వరస. ఆర్నెల్ల తర్వాత బయటపడేవి, ఒక మనిషి జీతానికో ఉద్యోగానికో సంబంధించినవి మూడో వరస.

ఇది మనిషికి కష్టం కాబట్టి ఏఐకీ కష్టమే, ఇది మనకి తేలిక కాబట్టి దానికీ తేలికే అనుకుని వరసలు నింపకండి. 2023లో 758 మంది కన్సల్టెంట్ల మీద జరిగిన ఒక అధ్యయనంలో, ఏఐకి చేతనైన పనుల్లో వాళ్లు 25 శాతం వేగంగా, మెరుగ్గా పనిచేశారు. చూడటానికి అలాగే ఉండి, దానికి చేతకాని పని ఒకటి ఇచ్చినప్పుడు ఏఐ వాడినవాళ్లు సరైన జవాబు చెప్పే అవకాశం, వాడనివాళ్లకంటే 19 శాతం పాయింట్లు తగ్గింది. దానికి ఏది చేతకాదో పైకి చూస్తే తెలియదు. మీ సొంత పాత ఫైళ్లు ఇరవై తీసి నడిపి చూడటం ఒక్కటే మార్గం.

ఇక్కడే పనిచేసేవాళ్లని ఇంకో మాట అడగండి: “ఈ ముక్కల్లో ఏది పోతే మీకు హాయి? ఏది మాత్రం నేనే చేస్తానంటారు?” నా మటుకు నాకు మొత్తం వ్యవహారంలో ఇదే ముఖ్యమైన ప్రశ్న. చాలా చోట్ల జరిగేది దీనికి తలకిందులు. రాయడం ఇష్టపడే మనిషి దగ్గర్నుంచి రాయడం తీసేసి, రోజంతా యంత్రం రాసినది తనిఖీ చేసే పని అంటగడతారు. ఊరికే చూస్తూ కూర్చునే పనిలో మనిషి ఎంతోసేపు శ్రద్ధ నిలపలేడని, చేతిలో పని లేక నైపుణ్యం తుప్పు పడుతుందని, తీరా యంత్రం చేతులెత్తేసిన రోజున ఆ నైపుణ్యమే కావలసి వస్తుందని లిజాన్ బైన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లోనే రాసింది. ఆమె చెప్పింది ఫ్యాక్టరీ కంట్రోల్ రూముల గురించి. ఇప్పుడది ప్రతి డెస్కు దగ్గరికీ వచ్చింది.

3. ఉద్యోగాల సంగతి మొదటి మీటింగులోనే చెప్పేయండి

మీరు చెప్పకపోయినా గదిలో అందరి మనసులోనూ అదే ఉంటుంది. “ఇది మీకు సాయం చేయడానికే” అని నవ్వుతూ మొదలుపెడితే అనుమానం ఇంకా పెరుగుతుంది.

మీకు తెలిసినంత, మీరు నిలబడగలిగినంత మాత్రమే చెప్పండి. ఉదాహరణకి: “ఈ ఎనిమిది వారాల ఫలితాన్ని బట్టి ఎవరి ఉద్యోగమూ పోదు, ఇది రాసిస్తాను. వచ్చే ఏడాది సంగతి నా చేతిలో లేదు. తెలిసిన రోజున ముందు మీకే చెబుతాను.” రెండో వాక్యం చెప్పడానికి ఇబ్బందిగా ఉంటుంది. మొదటి వాక్యాన్ని నమ్మించేది అదే.

మనుషుల్ని తగ్గించడానికే టూల్ తెస్తున్నారా? అయితే ఈ పద్ధతి మీకు పనికిరాదు. వాళ్లచేతే టూల్‌కి నేర్పించి తర్వాత పంపేస్తే, మిగిలినవాళ్లు మీకు ఇంకెప్పుడూ ఏ చీటీ చూపించరు.

షరతులు రాతపూర్వకంగా పెట్టుకోవడం అత్యాశేమీ కాదు. అమెరికాలో సినిమా, టీవీ రచయితలు 2023లో 148 రోజులు సమ్మె చేసి సాధించుకున్న ఒప్పందంలో రెండు మాటలున్నాయి: ఏఐ వాడమని రచయితని బలవంతపెట్టకూడదు, ఇచ్చిన మెటీరియల్‌లో ఏఐ రాసినది ఉంటే ఆ సంగతి చెప్పి ఇవ్వాలి. మీ ఆఫీసుకి అంత సమ్మె అక్కర్లేదు, ఒక పేజీ చాలు. ఆ రెండూ మాత్రం అందులో పెట్టుకోవచ్చు.

4. సమాచారం విషయంలో ఒక్క పేజీ నిబంధన రాయండి

పన్నెండు పేజీల పాలసీ ఎవరూ చదవరు. ఒక పేజీ, మూడు జాబితాలు.

- ఎప్పుడైనా పెట్టొచ్చు: బయట అందరికీ తెలిసిన సమాచారం, మీ వెబ్‌సైట్‌లో ఉన్నవి.
- పేర్లు, నంబర్లు తీసేసి పెట్టొచ్చు: మామూలు మెయిళ్లు, మీటింగ్ నోట్సు.
- ఎప్పుడూ పెట్టకూడదు: పాస్‌వర్డులు, ఆరోగ్య వివరాలు, జీతాలు, గుర్తింపు కార్డుల నంబర్లు, సంతకం కాని ఒప్పందాలు.

దాని కింద ఒక పేరు: “అనుమానం వస్తే వీళ్లని అడగండి.” అడిగితే ఆ రోజే జవాబు రావాలి.

మొత్తానికే నిషేధిస్తే సరిపోతుందిగా అని కొందరంటారు. నిషేధిస్తే సొంత ఫోన్‌లో, సొంత అకౌంట్‌తో వాడతారు, అప్పుడు ఏది బయటికి పోయిందో మీకు తెలిసే దారే ఉండదు. ఆఫీసు డబ్బుతో తీసుకున్న అకౌంటు ఇచ్చి, మన సమాచారాన్ని వాళ్ల ఏఐకి నేర్పించడానికి (మోడల్ శిక్షణకి) వాడుకోకూడదన్న షరతు ఒప్పందంలో ఉందో లేదో చూసుకోవడం మేలు.

*హెచ్చరిక:* ఉద్యోగులు ఎంతసేపు టైప్ చేశారు, ముఖం ఎలా పెట్టారు అని లెక్కలు తీసే ఫీచర్లు ఈ టూల్స్‌లో తరచూ కలిసే వస్తాయి. మొదటిరోజే ఆపేయండి, ఆపినట్టు చూపించండి. పనిచేసే చోట మనుషుల భావోద్వేగాలు కనిపెట్టే ఏఐని యూరోపియన్ యూనియన్ చట్టం వైద్య, భద్రతా కారణాలకి తప్ప నిషేధించింది. 2025 ఫిబ్రవరి 2 నుంచి అది అమల్లో ఉంది. మీ దేశంలో చట్టం ఉన్నా లేకపోయినా, సాయం చేసేదని చెప్పి కాపలా పెట్టారని ఒక్కసారి తెలిసిందంటే ఆ టూల్ పని అయిపోయినట్టే.

5. రెండు వారాలు టూల్ లేకుండా కొలవండి, నాలుగు వారాలు టూల్‌తో కొలవండి

మొదటి రెండు వారాలు పాత పద్ధతిలోనే పని. ఒక్కో పనికీ షీటులో మూడు గడులు: ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పూర్తయింది, తిరిగి వచ్చిందా. రోజంతా కాదు, రోజుకి ఐదు పనులకి చాలు. తర్వాత టూల్ ఇచ్చి అదే షీటు కొనసాగించండి.

చాలామంది ఈ మొదటి రెండు వారాలూ ఎగ్గొడతారు. “వేగం పెరిగింది, మాకే తెలుస్తోంది కదా” అంటారు. తెలియదండీ. 2025లో మెటర్ అనే సంస్థ 16 మంది అనుభవమున్న ప్రోగ్రామర్లకి, వాళ్లు ఏళ్లుగా చూసుకుంటున్న ప్రాజెక్టుల్లోనే 246 పనులిచ్చి చూసింది. ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. అంతా అయ్యాక అడిగితే 20 శాతం తగ్గిందనే చెప్పారు. టైప్ చేసే శ్రమ తగ్గితే సమయం తగ్గినట్టే అనిపిస్తుంది. గడియారం చూస్తే తప్ప నిజం తెలీదు.

ఎవరికి ఇస్తున్నారన్నదీ ముఖ్యమే. కస్టమర్ సపోర్ట్‌లో 5 వేల మందికి పైగా ఉద్యోగుల మీద చేసిన ఒక అధ్యయనం 2023లో వచ్చింది. గంటకి పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తవాళ్లలో అది 34 శాతం, బాగా అనుభవమున్నవాళ్లలో దాదాపు ఏమీ లేదు. అందుకని మీ టీమ్‌లో ఘటికుడి చేతికి ఒక్కడికే ఇచ్చి, “వాడికే లాభం లేదంటే ఇంకెవరికీ ఉండదు” అని తేల్చేయకండి. ఇద్దరు కొత్తవాళ్లు, ఇద్దరు పాతవాళ్లు ఉండాలి.

*ముగ్గురు నలుగురే ఉన్న ఆఫీసైతే:* ఒకే మనిషి ఒక రోజు టూల్‌తో, ఒక రోజు టూల్ లేకుండా చేస్తే చాలు. ఏ రోజు ఏదన్నది ముందే క్యాలెండర్‌లో రాసుకోండి. లేకపోతే కష్టమైన పనులొచ్చిన రోజున టూల్ పక్కన పెట్టేస్తారు, లెక్క తేలదు.

6. ట్రైనింగ్ మీ నిన్నటి ఫైళ్లతోనే చేయండి

టూల్ అమ్మినవాళ్ల డెమో ఫైలు ముత్యంలా ఉంటుంది. మీ ఫైల్లో సగం తెలుగు, సగం ఇంగ్లిషు, పేరు మూడు రకాలుగా, తేదీ తలకిందులుగా ఉంటుంది. దాంతోనే నేర్పాలి. రెండు గంటల క్లాసు ఒకటి కాదు, అరగంట చొప్పున ఆరుసార్లు.

అందులో ఒక అరగంట పూర్తిగా తప్పులు పట్టడానికి కేటాయించండి. ఏఐ రాసిన పది కాగితాలు ప్రింట్ తీసి, తప్పులున్నవి మూడు కలిపి పంచండి. పెన్నుతో గీయమనండి. ఒక మీటింగ్ సారాంశం నేను ఇప్పటికీ ఇందుకే వాడుతుంటాను. డెలివరీ తేదీ వారం ముందుకి జరపమని ఒకరు అడిగితే ఇంకొకరు “సరే, చూద్దాం లెండి” అన్నారు. టూల్ రాసింది: “తేదీ ముందుకి జరపడానికి అంగీకరించారు.” ‘చూద్దాం లెండి’ అంటే ఏంటో మనకి వేరే చెప్పాలా! వాక్యం తప్పుల్లేకుండా, నిబ్బరంగా ఉంది కాబట్టి మొదటిసారి చదివినవాళ్లెవరూ పట్టుకోలేదు.

తెలుగులో రాయిస్తుంటే ఇంకో రెండు చూసుకోండి. “మీరు” అని మొదలుపెట్టి చివర్లో “చెప్పు” అని ముగించడం ఒకటి. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు ఇంగ్లిషులోంచి తెలుగులోకి వచ్చేటప్పుడు మారిపోవడం రెండోది. ఇంగ్లిషులో బాగా పనిచేసింది కాబట్టి తెలుగులోనూ అంతే బాగుంటుందని లెక్క వేసుకోకండి, విడిగా పరీక్షించండి.

ఆధారాలు, కేసులు, నంబర్లు చెప్పినప్పుడు మూలం తెరిచి చూడటం అలవాటు చేయండి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పుల్ని కోర్టు కాగితాల్లో పెట్టారు. అలాంటి తీర్పులే లేవు. 5 వేల డాలర్ల జరిమానా పడింది. ఆ కేసులు నిజమేనా అని టూల్‌నే అడిగారు, నిజమేనని చెప్పింది. మీవాళ్లకి చెప్పాల్సింది ఆ చివరి సంగతి.

ట్రైనింగ్ అయ్యాక సందేహం వస్తే అడగడానికి పక్క సీట్లో ఒకరుండాలి. ఆ బాధ్యత వయసులో చిన్నవాళ్లకే తోసేయకండి. ఎవరికిచ్చినా, వారానికి మూడు గంటలు వాళ్ల మామూలు పని తగ్గించండి.

7. తప్పు చెప్పడానికి దారి, ఆపడానికి హక్కు

ఒక చిన్న ఫారం: ఏం అడిగాను, ఏం ఇచ్చింది, ఏం ఇవ్వాల్సింది. మూడు గీతలు. రెండు రోజుల్లో జవాబు. నెలకోసారి ఆ తప్పులన్నీ అందరికీ చదివి వినిపించండి, చెప్పినవాళ్ల పేరు వాళ్లకి ఇష్టమైతేనే.

టూల్ చెప్పినదాన్ని పక్కన పెట్టడానికి ఎవరూ సంజాయిషీ రాయాల్సిన అవసరం ఉండకూడదు. టూల్ మాట వింటే ఒక్క క్లిక్కు, వినకపోతే నాలుగు గడులు నింపాలి అన్నట్టు స్క్రీన్ ఉందా? రెండు వారాల్లో అందరూ వినడం మొదలుపెడతారు. దాన్ని అంగీకారం అనుకోకండి, అది అలసట.

బ్రిటన్‌లో పోస్టాఫీసు బ్రాంచీలు నడిపేవాళ్లకి జరిగింది తెలుసుకోదగ్గది. హొరైజన్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ డబ్బు తక్కువైనట్టు చూపించేది. “నా లెక్క సరిగ్గానే ఉంది, తేడా కంప్యూటర్‌లో ఉంది” అన్నవాళ్ల మాట చెల్లలేదు. 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా దోషులయ్యారు. చివరికి ఆ శిక్షలు రద్దు చేయడానికి 2024లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. అది ఏఐ కూడా కాదు, మామూలు లెక్కల సాఫ్ట్‌వేర్. కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి “ఇది తప్పు” అంటే, నిరూపించే భారం ఆ మనిషి మీద కాకుండా టూల్ మీద ఉండాలి. మీ ఒక పేజీ నిబంధనలో ఈ వాక్యం చేర్చండి.

8. పాతది ఆగే తేదీ చెప్పండి

చిన్న మెట్టే. కానీ “ఎవరూ వాడట్లేదు” అన్న ఫిర్యాదు తీసుకుని నేను వెళ్లిన చోట్ల ఎక్కువసార్లు కనబడే కారణం ఇదే: కొత్త టూల్‌లో చేయాలి, పాత రిజిస్టర్‌లోనూ ఎక్కించాలి. పని రెండింతలైంది, మనిషి ఒక్కడే. టూల్ నిలబడిందని తేలిన రోజున పాత ఫారం ఏ తేదీన ఆగుతుందో రాసి గోడకి అంటించండి. పాతది ఆపడానికి మీకే ధైర్యం చాలకపోతే, టూల్ ఇంకా సిద్ధంగా లేదనే అర్థం.

ఫలితం వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

లాగిన్ల సంఖ్య చూడకండి. ఎన్ని ప్రశ్నలు అడిగారన్నదీ వద్దు. వాటికి టార్గెట్లు అసలే పెట్టకండి. టార్గెట్ పెట్టిన ఒకచోట ఒకతను రోజూ పొద్దున్నే “గుడ్ మార్నింగ్” అని పదిసార్లు టైప్ చేసి తన కోటా పూర్తి చేసుకునేవాడు. తప్పు అతనిది కాదు.

చూడాల్సింది మొత్తం సమయం. ఉదాహరణకి ఒక జవాబుకి ఇదివరకు 12 నిమిషాలు పట్టేదనుకోండి. ఇప్పుడు ముసాయిదాకి 2, చదివి దిద్దడానికి 7, తిరిగొచ్చినవాటిని మళ్లీ చేయడానికి సగటున 2. మొత్తం 11. మీటింగులో స్లైడు మీద “12 నుంచి 2కి తగ్గింది” అని వేస్తారు. మిగిలింది ఒక్క నిమిషం. ఆ ఒక్క నిమిషానికి లైసెన్సు ఖర్చు గిడుతుందా అన్నది మీ లెక్క.

ముసాయిదాల్లో ఎన్ని ఒక్క అక్షరం మారకుండా వెళ్లిపోయాయో కూడా చూడండి. నూటికి తొంభై అలాగే వెళ్తున్నాయంటే సంబరపడేముందు ఒక పరీక్ష పెట్టండి. ఈ వారం ఐదు ముసాయిదాల్లో కావాలని తప్పులు పెడతామని టీమ్‌కి ముందే చెప్పి, నిజంగానే పెట్టండి. బయటికి వెళ్లకముందు ఆపే ఏర్పాటు చేసుకోండి. ఐదింట్లో నాలుగు పట్టుకుంటే చదువుతున్నారు. ఒకటో రెండో పట్టుకుంటే చదవడం మానేశారు, రోజుకి ఒక్కొక్కరికి ఇచ్చే ముసాయిదాలు తగ్గించాలి. ఈ పరీక్ష ఫలితాన్ని ఎవరి అప్రైజల్‌లోనూ వాడకండి.

చివరగా నోటితో అడగాల్సింది ఒకటుంది. ఆరో వారంలో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని, “రేపట్నుంచి ఇది తీసేస్తే మీకేంటి?” అని అడగండి. “అయ్యో, వద్దు” అంటే ఏ ముక్క కోసమో అడిగి రాసుకోండి. “మీ ఇష్టం సార్” అంటే తీసేయమనే. ఇంకో ప్రశ్న: “మిగిలిన సమయంలో ఏం చేస్తున్నారు?” మిగిలిన గంటలో మీరు ఇంకో పాతిక మెయిళ్లు పడేసి ఉంటే, వచ్చే టూల్‌కి సాయపడటానికి ఎవరూ ముందుకు రారు.

ఇప్పటికే కొనేశాం, ఎవరూ వాడట్లేదు అంటే

వాడనివాళ్ల దగ్గరికే ముందు వెళ్లండి. ఎందుకు వాడట్లేదు అని అడిగితే సంజాయిషీలా ఉంటుంది. “చివరిసారి వాడినప్పుడు ఏమైంది?” అని అడగండి. వచ్చే జవాబులు సాధారణంగా నాలుగు రకాలు: ఒకసారి తప్పు చెప్పి పరువు తీసింది, రెండుసార్లు టైప్ చేయాల్సి వస్తోంది, ఏం పెట్టొచ్చో తెలియక భయం, నా పనికి ఇది పనికిరాదు. మొదటిదానికి 6, రెండోదానికి 8, మూడోదానికి 4వ మెట్టు చూడండి. నాలుగోదాన్ని నిజమని నమ్మి, ఆ లైసెన్సు వెనక్కి ఇచ్చేయండి. నలభై లైసెన్సుల్లో పన్నెండు మిగిలితే ఆ పన్నెండే మీకు అవసరమైనవి.

రెన్యువల్‌కి నెల ముందు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆపేయాలని నిర్ణయిస్తే, అకౌంటు మూసేముందు మీవాళ్లు దాచుకున్న ప్రాంప్టులు (టూల్‌కి రాసి ఇచ్చే సూచనలు), ఫైళ్లు డౌన్‌లోడ్ చేయించండి, అటువైపు ఉన్న మీ సమాచారం చెరిపేసినట్టు రాతపూర్వకంగా తీసుకోండి, పాత ఫారం మళ్లీ ఏ రోజు నుంచి మొదలవుతుందో రెండు వారాల ముందే చెప్పండి. ఆ పసుపు చీటీలు మాత్రం పారేయకండి.